ఉప్పు లేని క్యారేజీ

రాయి, కన్నా. నేను చెప్పేది చెప్పినట్టే రాయాల, మీ ఇస్కూలు తెలుగులోకి తిప్పొద్దు.

ఈ పొద్దు మీ నాయనకు అట్టు పోద్దామని గుడ్లు కొట్టినా కదా. చూసుకుంటే నా చెయ్యి దానంతటదే పచ్చసొన పక్కకు తీసిపెట్టింది. తెల్లది ఒక గిన్నెలో, పచ్చది ఒక గిన్నెలో. ఎవురికి తీసినా? మీ నాయన పచ్చసొన లేకుంటే ముట్టను కూడా ముట్టడు. తెల్లదే తినే ఆ పిల్లోడు పోయి నెలలాయె, నా చేతికి ఇంకా తెలీలేదు వాడు పోయినాడని. అందుకే పిలిచినా నిన్ను, రాయమని.

వాడి పేరు రాయొద్దు. వాళ్ళమ్మ ఉంది. జగిత్యాల పక్క పల్లె అని రాయి, చాలు.

మనది మెస్సు అని కూడా రాయి, చదివేటోళ్ళకు తెలియాల కదా. నేను కడప నుంచి ఈ దేశానికి అరబ్బోళ్ళింట్లో వంటకని వచ్చినదాన్ని. ఆ ఇంటి పిల్లోళ్ళు పెద్దోళ్ళయి ఎవురిండ్లు వాళ్ళు కట్టుకున్నాక, ఇదో, మీ అమ్మ దగ్గర వంటకొచ్చి పడినా. ఈ మవాలే పేటలో రూముల్లో ఉండే మగపిల్లోళ్ళకు రెండు పూటలా క్యారేజీలు కట్టేది మా పని. అన్నం, పప్పు, ఒక కూర, చారు. శుక్రారం కోడికూర. నా కారం తిని కండ్లనీళ్ళు పెట్టుకున్నోళ్ళు ఉండారు గానీ, వద్దన్నోడు లేడు.

వాడు వద్దన్నాడు.

మొదటిసారి వచ్చినప్పుడు వంటింటి వాకిలి చీకటైపాయె. కరెంటు పోయిందేమోనని తలెత్తితే మనిషి! వాకిట్లో పట్టలేదు. ఒక భుజం ముందర పెట్టి, పక్కకు తిరిగి, తల వంచి లోపలికొచ్చినాడు. తర్వాత పెద్దపెద్ద అంగళ్ళ వాకిళ్ళలో కూడా అట్నే పక్కకు తిరిగి పొయ్యేది చూసినా. లారీ పట్టే వాకిలి, మనోడు మాత్రం పక్కకే. నేను నవ్వితే, "ఒళ్ళు యాదికుంటది అవ్వా, తలుపు యాదికుండది" అనేవాడు.

ఆ పొద్దు వచ్చి, "అవ్వా, నాకు క్యారేజీ గావాలె. ఉప్పెయ్యద్దు. నూనెయ్యద్దు. కారం ముట్టద్దు. కోడి ఉత్తగ ఉడకవెట్టు. గుడ్లు కొట్టి పచ్చది తీసెయ్యి, తెల్లదే అట్టు వొయ్యి" అన్నాడు.

"ఏం నాయనా, బాలింతవా?" అన్నా.

పడీ పడీ నవ్వినాడు. ఆ ఒంటికి ఆ నవ్వు సరిపొయ్యేది కాదు కన్నా. సన్నగా, సిగ్గుగా, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వేవాడు. ఆ చెయ్యి చూస్తే నా ముఖమంతా మూసేటంత ఉండె.

నాకు మాత్రం నామర్దా అనిపించేది. ఇన్నేండ్లు వండినా, ఉప్పెయ్యకుండా ఎవురికీ పెట్టలేదు. రోగం వచ్చినోళ్ళకు పెడతారు అట్లా. వాడు తినేది చూస్తే ఇంకా బాధ. నమిలేది, మింగేది, నీళ్ళు తాగేది. రుచి మాట లేదు. ఇటుకరాళ్ళు పేర్చినట్టు తినేవాడు. మిగిలిన పచ్చసొనలన్నీ మిగతావాళ్ళ కూరలో వేసేదాన్ని. వాళ్ళు వేళ్ళు నాకి "కోచ్ పుణ్యమా అని" అనేవాళ్ళు.

కోచ్ అంటే వాడే. ఆ మందుల అంగడి మీద మేడలో జిమ్ము ఉండాది చూడు, అందులో. కానీ ఈ దేశం వచ్చింది దానికి కాదు, సైటు పనికి. సహం అనే ఊరి పక్క సిమెంటు మూటలు మోసినాడు. అప్పుడు వానికి పేరు లేదంట, ఇక్కడ కూలోళ్ళందరికీ రఫీక్ అనే పిలుపు. వాడే చెప్పినాడు. "రఫీక్, ఇటు రా. రఫీక్, గది ఎత్తు. గంతే అవ్వా. ఎవన్ని పిలుస్తున్నరో తెల్వక అందరం లేస్తుంటిమి." డ్యూటీ దిగినాక ఇనుప కమ్మీకి రెండు పక్కలా సిమెంటు నింపిన డబ్బాలు బిగించి ఎత్తేవాడంట, రూము ముందర. అది చూసి ఒక అర్బాబు, జిమ్ము ఓనరు, సైటు నుంచి తీసకపోయి కాయితాలు మార్పించి ఇక్కడ పెట్టుకున్నాడు.

ఇంక అప్పుడు చూడాల వాణ్ణి. నేను కూరగాయలకు పోతా ఉంటే సంచులు మోస్తానని వెంట వచ్చేవాడు. అరబ్బు పిల్లోళ్ళు కారు నిలిపి, అద్దం దించి, "కోచ్!" అని చెయ్యి ఊపేవాళ్ళు. వాడి మెడ ఒక రవ్వ పొడుగయ్యేది.

"ఇన్నవా అవ్వా?"

"విన్నాలే."

"ఏమన్నడు?"

"కోచ్ అన్నాడు."

"ఆఁ" అని నడిచేవాడు. ఇంకో కారు నిలబడితే మళ్ళా "ఇన్నవా అవ్వా?" నాకు విసుగొచ్చి, "నాకు చెముడు లేదు, ఉల్లిగడ్డలు పట్టుకో" అనేదాన్ని.

క్యారేజీ పట్టుకుపొయ్యేది ఒక విడ్డూరం. అందరూ చేతికి తగిలించుకొని పోతారు కదా. వాడు రెండు చేతులా ఎదకు అదుముకొని పొయ్యేవాడు, ఆడపిల్లోళ్ళు కాలేజీకి పుస్తకాలు పట్టుకుపోయినట్టు. "కాలుతాది కదరా, కొంచెం దూరం పట్టుకో" అంటే, "కాలని అవ్వా, గట్లనే అలవాటు" అనేవాడు.

ఒకనాడు మీ అమ్మ మర్చిపోయి వాడి కోడిలో ఉప్పేసింది. క్యారేజీ వెనక్కి తెచ్చి, గోడకేసి కొట్టినాడు. వంటిల్లంతా కోడిముక్కలు. మీ అమ్మ జడుసుకొని గదిలోకి పోయి గడియ పెట్టుకుంది. నేను గరిటె పట్టుకొని నిలబడినా. వాడి ముఖం చూస్తే నాకు తెలిసిన ముఖం కాదది. ఊపిరి ఎద్దు మాదిరి వదులుతా ఉన్నాడు. అంతలోనే ఏమాయెనో, కింద కూచొని ముక్కలు ఏరతా ఏడ్చినాడు. ముక్కు కారతా ఉంది, తుడుచుకోడు. "కోపం వచ్చినప్పుడు నేను ఉండనవ్వా. ఇంకోడుంటడు. వాడెవడో నాకు తెల్వది" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. ఆ పొద్దు వాడు వెళ్ళినాక ఆ గోడ తుడవాలంటే కూడా నాకు దడగా ఉండె.

ఆ తర్వాత కొన్నాళ్ళకి కండ్లు. క్యారేజీ అందిస్తా చూసినా, పసుపునీళ్ళు పోసినట్టు ఉండాయి.

"నాయనా, కామెర్లురా నీకు."

"నిద్ర లేదవ్వా, గంతే."

నేను వింటానా? పొయ్యి ఆపి, కొంగు దోపి, వాణ్ణి ముందర పెట్టుకొని క్లినిక్కుకు నడిపించినా. దావలో అందరూ మమ్మల్నే చూసినారు, ఏనుగు వెనకాల ఎలుక పోయినట్టు. డాక్టరమ్మ మన తెలుగామె, హైదరాబాదు. లోపలికి పిలిచినప్పుడు వాడు నా చెయ్యి పట్టుకొని, "నువ్వు గూడ రా అవ్వా" అన్నాడు.

"ఏమేం తీసుకుంటున్నావ్?" అని అడిగింది ఆమె.

"ఏం లేదు మేడం. కోడి, గుడ్లు, డబ్బాల పౌడరు. నమ్మకుంటే అవ్వను అడుగుండ్రి, అవ్వనే వండుతది."

నేను ముందుకు జరిగి చెప్పినా: "అవునమ్మా. ఉప్పు కూడా వెయ్యను. చుక్క నూనె తగలదు. ఇంత పథ్యం చేసే పిల్లోడికి కామెర్లు ఎట్లా వస్తాయో మీరే చెప్పాల."

ఆమె నన్ను చూడలేదు. వాణ్ణే చూస్తా, "అవ్వగారు వండింది కాదు. అవ్వగారికి తెలీకుండా నువ్వు పొడుచుకునేది చెప్పు" అనింది.

వాడు గోడకున్న బొమ్మ చూస్తా కూచున్నాడు. ఎవురో పసిబిడ్డ బొమ్మ, టీకాలది. బనీను తియ్యమనింది. తియ్యడు. మళ్ళా చెప్పింది. తీసినాడు. అప్పుడు తెలిసింది కన్నా, క్యారేజీ ఎదకు ఎందుకు అదుముకుంటాడో. మగపిల్లోడికి, ఈడొచ్చే ఆడపిల్లకు వచ్చినట్టు, ఎద వచ్చి ఉండాది. వీపంతా పుండ్లు, కురుపులు. నేను తల తిప్పుకున్నా. వాడు కండ్లు మూసుకొని నిలబడినాడు, అంత మనిషి.

అప్పుడు ఒక్కొక్కటే బయటికొచ్చినాయి. సూదులంట, మాత్రలంట. ఒళ్ళు పెంచే మందులు. మందుల అంగట్లో చీటీ మీద ఇచ్చేవి కాదు, జిమ్ముల్లో చేతులు మారేవి. ఒకరు చెప్తే ఇంకొకరు పొడుచుకునేవి. పశువుల మందు కూడా ఉండాదంట అందులో.

స్కానింగు తీసినారు. కాలేయంలో గడ్డ. "ఈ మందుల వల్ల ఇట్లాంటి గడ్డలు వస్తాయి" అనింది డాక్టరమ్మ. "ఇప్పుడు పూర్తిగా ఆపేస్తే తగ్గినా తగ్గొచ్చు. ఆపకపోతే పెరిగి, లోపలే పగిలి రక్తం పోతుంది. క్యాన్సరుకు కూడా తిరగొచ్చు. గుండె కూడా మందమవుతోంది. పెద్దాసుపత్రికి రాస్తున్నా, వెంటనే పో. కండలు చూపించే పోటీలు గీటీలు లేవు."

బయటికొచ్చి కార్లు నిలిపే చోట గట్టు మీద కూచున్నాడు. ఎండ మండుతా ఉంది.

"పోటీ ఉన్నది అవ్వా. గది ఒడువంగనే ఆపుత."

"ఇప్పుడే ఆపాలనింది కదరా ఆమె."

"ఆపితే గీ ఒళ్ళుండదు. నెల రోజులల్ల జారిపోతది. ఒళ్ళు లేనోన్ని జిమ్ముల ఎవడు వెట్టుకుంటడు? మల్ల సైటే. మల్ల రఫీకే." తల ఎత్తి నన్ను చూసినాడు. "నువ్వే చెప్పు, గా పిలుపుకు మల్ల లేవాల్నా నేను?"

"బతికుంటే ఏదో ఒక పిలుపు" అన్నా.

భయపడినాడులే ఆ పొద్దు. నిజంగానే కొన్నాళ్ళు ఆపినాడు, సూది లేదు, మాత్ర లేదు. మనిషి వాడిపోయి, మన వాకిట్లో నేరుగానే పట్టేవాడు, మెట్లెక్కడానికి కూడా మొఖం వేలాడేసేవాడు. ఆ కొన్నాళ్ళలోనే జరగాల్సిందంతా తారుమారైపాయె.

వాడి రూములో వాళ్ళ పక్క ఊరి పెద్దాయన ఉండె, టైల్స్ మేస్త్రీ. కామెర్లకు వాత పెట్టడంలో వాళ్ళింటికి పేరంట. రూములో గ్యాసు పొయ్యి మీద రాగితీగ కాల్చి మణికట్టు మీద వాత పెట్టినాడు. ఊరి నుంచి వచ్చేవాని సంచిలో నేల ఉసిరాకు తెప్పించి మజ్జిగలో కలిపి తాపినాడు. "పథ్యం గట్టిగుండాలె, ఉప్పూ నూనె బందు" అంటే, మనోడు "తాతా, నేను మీ వాత రాకముందుకే పథ్యం జేస్తున్న" అన్నాడంట. రూమంతా నవ్వులంట.

కండ్లు తెల్లబడినాయి.

ఆ జిమ్ము మాత్రలు మింగలేదు కాబట్టి తెల్లబడినాయి కన్నా. అది ఎవురికి కనపడతాది? వాత కనపడింది. మన ఊర్లలో కామెర్లంటే వాతే కదా, ఇదో, చూడు, నా చేతి మీద కూడా ఉంది చిన్నప్పటిది. వాడు ఉరుక్కుంటా వచ్చి మణికట్టు చూపించినాడు, గాజు తొడిగించుకున్న పిల్ల మాదిరి.

"చూసినవా అవ్వా? కామెర్లే! డాక్టరమ్మ భయపెట్టింది గని, ఉత్త కామెర్లే. వాతెయ్యంగనే పోయినయి."

"కామెర్లు పోతే గడ్డ కూడా పోతాదారా? పెద్దాసుపత్రికి పోయి చూపించుకో."

"పోత అవ్వా."

"ఎప్పుడు?"

"పోటీ ఒడువనీ, పోత."

మళ్ళా మొదలుపెట్టినాడని నాకు ఎట్లా తెలిసిందంటే, మళ్ళా వాకిట్లో పక్కకు తిరిగి వచ్చినాడు.

పోటీకి నేనూ మీ అమ్మా పోయినాం. ముందర దినం నుంచి నీళ్ళు తాగలేదు, తాగితే కండలు నిండుగా కనపడవంట. పెదాలు పగిలి ఉండాయి. ఒంటికంతా ఏదో రంగు పూసినారు, మాడిన బాణలి రంగు. ఆ రంగు కింద కూడా వాత కనపడతా ఉంది నాకు. లైట్ల కింద నిలబడి చేతులు పైకి లేపినాడు. తోలు లేని మనిషి మాదిరి, నరాలు నరాలుగా ఉన్నాడు. పండ్లు బయటపెట్టి నవ్వుతా ఉన్నాడు, కాళ్ళు వణకతా ఉండాయి. కుర్రోళ్ళంతా లేచి "కోచ్! కోచ్!" అని అరుస్తా ఉన్నారు. మీ అమ్మ చప్పట్లు కొట్టింది. నాకు మాత్రం చేతులు రాలేదు. అక్కడ నిలబడింది ఆ ఇంకోడేమో అనిపించింది, గోడకేసి కొట్టినోడు.

రెండో బహుమతి. కిందికొచ్చినాక పక్క గదిలో కుర్చీలో పడిపోయినాడు. ఆ కప్పు ఒళ్ళో ఉంది, చేతులకు పట్టు లేదు. నేను నీళ్ళు నోటికి పెట్టినా. గుటక వేసి, "ఇన్నవా అవ్వా?" అన్నాడు.

"విన్నా నాయనా."

ఆ తర్వాత ఎన్నో దినాలు కాలేదు. జిమ్ములో అరబ్బు పిల్లోళ్ళకు బరువెత్తేది చూపిస్తా చూపిస్తా, కుడిపక్క డొక్క పట్టుకొని కూలబడినాడంట. డాక్టరమ్మ చెప్పినట్టే అయింది. గడ్డ లోపలే పగిలింది. పెద్దాసుపత్రిలో కోసినారు, రక్తం ఎక్కించినారు. నేను పోయినప్పుడు దుప్పటి కింద మనిషి ఉన్నట్టే లేదు. అంత ఒళ్ళు యాడికి పోయిందో. ముఖం మాత్రం చిన్నపిల్లోడి ముఖం. అదే వాడి అసలు ముఖమేమో.

"ఇంట్ల కామెర్లని చెప్పు అవ్వా" అన్నాడు. గాలి మాదిరి ఉంది గొంతు. "కామెర్లంటే అమ్మకు తెలుస్తది. మా ఊర్ల శానమంది పోయిండ్రు కామెర్లతోటి. గిదని చెప్తే, నా కొడుకు వానంతల వాడే చేస్కున్నడు అనుకుంటది."

"నువ్వు లేచి నువ్వే చెప్పుకో" అన్నా. 

"చెప్త అను."

"చెప్తాలే నాయనా."

పోయినాడు. జిమ్ము వాళ్ళు కాయితాలు చేసి వాణ్ణి పెట్టెలో ఊరికి పంపించినారు. రూమువాళ్ళు ఊరికి ఫోను చేసి కామెర్లన్నారు. వాళ్ళమ్మ నాతో మాట్లాడతానంటే నేనూ అదే చెప్పినా. "వాత వెట్టించుకున్నడటగద అవ్వా, మరెందుకు పోయిండు?" అని అడిగింది.

వాడి సంచి తెచ్చి మన మెస్సులో పడేసినారు రూమువాళ్ళు, అందులో ఉండేవాటికి భయపడి. బట్టల కింద సీసాలు, సూదులు, మాత్రల అట్టలు. అవి మూటకట్టి వీధిలో బలదియా వాళ్ళు, అదే మున్సిపాలిటీ వాళ్ళు, పెట్టిన చెత్తడ్రమ్ములో వేసినా. బట్టలు ఉతికి, ఆరేసి, కప్పుతో పాటు సర్ది పెట్టినా, ఎవురన్నా ఊరికి పొయ్యేవాళ్ళతో పంపుదామని.

మొన్న ఫోను వచ్చింది, వీడియో ఫోను. ఎత్తినా. చూస్తే, కన్నా, వాడే. ఆ మెడ, ఆ భుజాలు, ఫోనులో పట్టడంలేదు. నేను గోడ పట్టుకొని కూచున్నా.

"అవ్వా, నేను తమ్మున్ని. అన్న సంచి నీ దగ్గరున్నదట."

వాడికి తమ్ముడున్నాడని తెలుసు గానీ ఇట్లా ఉంటాడని తెలీదు. "ఉంది నాయనా, పంపుతా. బట్టలు, వాచీ, కప్పు, అన్నీ పెట్టినా" అన్నా.

వాడు వెనక్కి ఒకసారి చూసుకొని గొంతు తగ్గించినాడు. "సీసలు గూడ ఉంటయి అవ్వా, మందువి. గవి బట్టల నడుమ చుట్టి పెట్టు. నడుమల ఆపద్దని అన్న చెప్పిండు. నాయి ఒడిసిపోతున్నయి."

వాళ్ళన్నకు మాటిచ్చినా కదా. ఆ మాట అక్కడే విడిచేసినా.

"మీ అన్నకు కామెర్లు కాదురా" అన్నా.

"ఊకో అవ్వా. కామెర్లే. వాతెయ్యంగ తగ్గినయని అన్ననే చెప్పిండు. మల్ల తిరగవెట్టినయి, గంతే."

చెప్పినా. డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు చెప్పినా. గడ్డ, పగిలింది, రక్తం, అన్నీ. ఎద సంగతి కూడా చెప్పినా. అది చెప్పినప్పుడు వాడి చెయ్యి వాడి బనీను మీదికి పోయింది. నేను చూసినా.

వెనకనుంచి వాళ్ళమ్మ గొంతు వినపడింది: "ఎవలురా?"

"ఏం లేదే, అన్న సామాన్ల గురించి" అన్నాడు. అని, బయటికి నడిచి, గోడ పక్కన నిలబడి, "ఇప్పుడు ఆపితే నాకేమన్న ఐతదా అవ్వా?" అని అడిగినాడు.

నేను వంట చేసేదాన్ని, నాకేం తెలుస్తాది? "ఆపితే ఏమైతాదో నాకు తెలీదు నాయనా. ఆపకపోతే ఏమైతాదో చూసినా. పొద్దున్నే ఆసుపత్రికి పో. నువ్వు వేసుకునే సీసా తీసకపోయి డాక్టరు ముందర పెట్టు. దాచొద్దు. కడుపు స్కానింగు తియ్యమని అడుగు. వాత పెట్టేవాళ్ళ దగ్గరికి పోవద్దు" అన్నా.

"పోత అవ్వా" అన్నాడు.

వాళ్ళన్న గొంతే. అచ్చం.

ఆ పొద్దు నుంచి వానికి ఫోను చేస్తానే ఉండా. బెల్లు పోతాది, ఎత్తడు. పొద్దున గుడ్ల గిన్నెలు అట్నే వదిలేసి కూడా చేసినా. వాళ్ళమ్మ నంబరు ఉంది గానీ, ఆమెకు చేసి ఏమని అడగాల? నా నంబరు చూసి వాడు ఎత్తడంలేదు, అంతే అయ్యుండాల. అంతే అనుకోవాల.

చాలు, రాసింది చాలు. ఆ ఫోను ఇట్లా తే. కాదు, నాది కాదు, నీ ఫోను. నీ నంబరు వానికి తెలీదు. చెయ్యి. ఎత్తితే నువ్వేమీ మాట్లాడొద్దు కన్నా, నా చేతికియ్యి.